లంఘనం - ఉపవాసం: ప్రకృతి చికిత్సకు ప్రాచీన ప్రమాణాలు

"లంఖణం పరమౌషధం" అనే నానుడి వినని తెలుగువారుండరు. ప్రకృతి చికిత్సను గూర్చి వెలువడే కరపత్రాలలోనూ ప్రసంగాలలోనూ ఈ వాక్యమే తరచు మొదటి ప్రమాణంగా నిలుస్తున్నది. దీనికి తోడుగా చరకం నుండి ఒకటి రెండు శ్లోకాలు ఇమ్మని సంస్కృతాధ్యాపకులను అడగడమూ పరిపాటి అయింది. అడిగిన శ్లోకం ఇచ్చి పంపడం సులభమే. అది మూలంలో ఏమి చెబుతున్నదో కూడా చెప్పి పంపవలసిన బాధ్యత మనకున్నదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

చరకసంహిత సూత్రస్థానంలో 22వ అధ్యాయం లంఘనబృంహణీయం. శరీరానికి లాఘవం కలిగించేదేదైనా లంఘనమే అని అక్కడి నిర్వచనం. దాని భేదాలు పది: వమనం, విరేచనం, నిరూహవస్తి, శిరోవిరేచనం అనే నాలుగు శోధనలు, పిపాసానిగ్రహం, వాయుసేవనం, ఆతపసేవనం, పాచనద్రవ్యాలు, ఉపవాసం, వ్యాయామం. ఉపవాసం ఈ పదింటిలో ఒకటి మాత్రమే. తెలుగులో లంఘనం లంఖణమై, పస్తుండడమనే ఒక్క అర్థానికే పరిమితమైంది. అర్థసంకోచాన్ని బోధించే వారికి ఇది చక్కని ఉదాహరణ. వైద్యంలో మాత్రం ఈ సంకోచం ప్రమాదకరం. పైగా ఆ పట్టికలోనే ఒక చిక్కున్నది. దప్పికను ఓర్చుకోవడం అక్కడ చికిత్స. నేటి ప్రకృతి వైద్యుడు ఉపవాసి చేత మాటిమాటికి నీరు త్రాగిస్తాడు. పాచనౌషధాలు అక్కడ లంఘనంలో భాగం. ఇక్కడ ఔషధసేవనమే సమ్మతం కాదు.

మరి ఈ పద్ధతి ఎక్కడిది? సైలీషియాలోని గ్రాఫెన్‌బర్గ్‌లో చన్నీటి చికిత్స నడిపిన ప్రీస్నిట్జ్ (1799-1851), బవేరియా మతాచార్యుడు క్నైప్ (1821-1897), లైప్‌జిగ్ వాసి లూయీ కూనే (1835-1901) దీనికి మూలపురుషులలో ముఖ్యులు. వ్యాధులన్నీ నిజానికి ఒక్కటే, శరీరంలో పేరుకొన్న విజాతీయ ద్రవ్యమే వాటికి హేతువు అన్నది కూనే సిద్ధాంతం. తొట్టి స్నానం, ఆవిరి స్నానం, శాకాహారం ఆయన సాధనాలు. దోషాన్ని, రోగి ప్రకృతిని, దేశకాలాలను బట్టి చికిత్సను మార్చే ఆయుర్వేదానికి ఈ ఏకవ్యాధివాదం ఎంతో దూరం. కూనే గ్రంథాన్ని 1894లో డి. వెంకటాచలపతి శర్మ తెలుగులోకి అనువదించారనీ, ఈ చికిత్స భారతదేశంలో అడుగిడింది దానితోనే అనీ ప్రకృతి చికిత్సా చరిత్రలు పేర్కొంటున్నాయి. జర్మన్ భావాలు తెలుగు పారిభాషిక పదాలైన తీరు ఎంత మంచి పరిశోధనాంశం! వేదమంత్రాలలో జలచికిత్సను వెదకే శ్రమలో సగమైనా మన పరిశోధక విద్యార్థులు ఇటు మళ్లిస్తే బాగుండును.

పంచభూతాల మాట కూడ ఇట్టిదే. మట్టి పట్టీ పృథివి, ఉపవాసం ఆకాశం అనే సమన్వయం వినడానికి ఇంపుగా ఉంటుంది. గాంధీజీ 1942లో ఆగాఖాన్ భవనంలో నిర్బంధంలో ఉండగా వ్రాయ మొదలిడిన ఆరోగ్యగ్రంథంలో భూమి, నీరు, ఆకాశం, సూర్యుడు, గాలి అనే విభాగం కనిపిస్తుంది. చరకునికి మాత్రం సకల ద్రవ్యమూ పాంచభౌతికమే, ఔషధంతో సహా. పంచభూతాల పేరు చెప్పి ఔషధాన్ని కాదనడానికి ఆయన గ్రంథంలో తావు లేదు.

ఇందువల్ల ప్రకృతి చికిత్సకు వచ్చే లోటేమీ లేదు. మితాహారం, నడక, ఎండ, నిద్ర మేలు చేయడానికి శ్లోకం అవసరం లేదు. 2014లో ఏర్పడిన ఆయుష్ మంత్రిత్వశాఖలో దానికి యోగంతో పాటు స్థానమున్నది. భారతీయ వైద్యవిధానాల జాతీయ కమిషన్ చట్టం (2020) పరిధిలో మాత్రం చేరలేదు. ఆ న్యాయాన్యాయాలు వేరే చర్చ.

అసలు భయం రోగిని గూర్చి. క్షయం, వాతం, భయం, క్రోధం, శోకం, శ్రమ వంటి వాటివల్ల పుట్టిన జ్వరాలలో లంఘనం కూడదని చరకుడే మినహాయించాడు; బలానికి హాని కలుగని మేరకే చేయించమన్నాడు. మితిమీరితే కీళ్లనొప్పి, దగ్గు, నోరెండిపోవడం, ఆకలి చావడం, చూపూ వినికిడీ సన్నగిల్లడం కలుగుతాయని హెచ్చరించాడు. కరపత్రాలలో ఈ భాగం కనిపించదు. ఇన్సులిన్‌పై ఆధారపడిన మధుమేహి ఒకడు శ్లోకం మీది గౌరవంతో సూదిమందు మాని పస్తుకు పూనుకొంటే, రక్తం ఆమ్లీకృతమై ఒకటి రెండు రోజులలోనే ప్రాణాపాయం సంభవించవచ్చు. అతనికి ఆ శ్లోకం చేరవేసిన చేయి మనదే కావచ్చు.

కనుక అడిగినవారికి పది భేదాల శ్లోకంతో పాటు అతిలంఘన లక్షణాల శ్లోకాలనూ తెలుగు తాత్పర్యంతో ఒకే కాగితం మీద వ్రాసి ఇవ్వాలి. రెండూ ఒకే అధ్యాయంలో ఉన్నాయి, వెదకే శ్రమ కూడ లేదు. అచ్చులో అంత చోటు లేదని వారంటే, ఇచ్చిన కాగితాన్ని తిరిగి అడిగి పుచ్చుకోవచ్చు.