పైన పటారం, గోడలో లొటారం



మన ఇళ్ళకు పట్టిన జబ్బు పేరు అడిగితే "అందం" అంటాను నేను. వనస్థలిపురం, కూకట్‌పల్లి వంటి ఒకనాటి శివార్లలో 1980లలో కట్టుకొన్న ఇళ్ళకు వార్ధక్యం వచ్చింది. రంగులు మారుతున్నాయి, నేలమీది రాళ్ళు మారుతున్నాయి. గోడలోపలి ఇనుప గొట్టాలు మాత్రం చాలా ఇళ్ళలో నాటివే!

ఇనుప గొట్టానికి రక్ష దానిమీది జింకు పూత. ఏళ్ళ తరబడి నీరు పారగా పూత కరిగి ఇనుము తుప్పుపడుతుంది. దానికి బోరునీటి సున్నపు గార తోడై గొట్టం లోపల ఇరుకవుతుంది. తెల్లవారుతూనే వచ్చే ఎర్రనీరు, నానాటికీ నీరసించే ధార, ఇవన్నీ గొట్టం పంపే వర్తమానాలు. వాటిని చదువుకోక, ఒత్తిడి పెంచే మోటారు బిగిస్తాం. శిథిలమైన గొట్టం పగలక ఏంచేస్తుంది?

పగిలినప్పుడు తెలుస్తుంది అసలు కథ. గొట్టం గోడలో ఏ దారిన పోయిందో యజమానికి తెలియదు. కట్టిన మేస్త్రీ ఎక్కడున్నాడో తెలియదు. బయటికి కనబడితే అసహ్యమని దాచిన దానికోసం పలకలన్నీ పగులగొట్టవలసివస్తుంది. ఎండకు ప్లాస్టిక్కు గొట్టం పాడవుతుందని కొందరి వాదం. నిజమే, అందుకు రంగు పూయవచ్చు, తలుపున్న గూటిలో నడపవచ్చు. సమాధి చేయనక్కరలేదు.

వ్యాకరణంలో సంధి జరిగితే రెండు పదాలు ఒకటవుతాయి. గొట్టాల సంధి చెడితే మంచినీరూ మురుగునీరూ ఒకటవుతాయి! ఇది చమత్కారానికన్న మాట కాదు. మన నల్లాలకు నీరు రోజంతా రాదు. సరఫరా ఆగినప్పుడు గొట్టంలో ఒత్తిడి పడిపోయి, పక్కనున్న మురుగు చిల్లులగుండా లోపలికి చొరబడుతుంది. నల్లాకు నేరుగా మోటారు తగిలించే మహానుభావులు ఆ మురుగును స్వయంగా పీల్చి, తమ పిల్లలకూ పొరుగువారి పిల్లలకూ పంచుతున్నారు. వాంతులు, విరేచనాలు వస్తే నిందమాత్రం ఋతువు మీద!

ఇక "ఒక్క వాషరు మార్చి ఇంత అడుగుతాడా?" అని ప్లంబరుమీద విసుక్కొనేవారికి ఒక లెక్క. సెకనుకో బొట్టు కారితే రోజుకు 86,400 బొట్లు. బొట్టు పావు మిల్లీలీటరైతే 21 లీటర్లకు పైమాట. వైద్యుడికి రుసుమిచ్చేది చీటీ కాగితానికా? రోగం గుర్తించే విద్యకు. ఈ విద్యకూ అంతే. అతనిని ఇల్లు మునిగాకనే పిలవడం మన అవివేకం.

చేయవలసినది స్వల్పం. రాత్రి కొళాయిలన్నీ కట్టి, ట్యాంకులో నీటిమట్టానికి గుర్తుపెట్టి ఉదయం చూడండి. తగ్గితే ఎక్కడో కారుతున్నట్లే. మూలవాల్వును మూడునెలలకొకసారి తిప్పండి, లేకుంటే అవసరానికి బిగుసుకుపోతుంది. గోడ పూయకముందే గొట్టాల ఛాయాచిత్రాలు తీసి ఇంటి దస్తావేజులతో దాచండి.

ఇల్లు వారసులకిస్తామంటాం. గొట్టాల జాడ చెప్పకుండా ఇచ్చేది ఆస్తి కాదు, అప్పు. కాదనేవారు కారణం చెప్పండి. వాదానికి నేను సిద్ధం.