డప్పు గేటు దాకేనా?

ఈ మధ్య మా పక్క టౌన్లో ఒక చిన్న డిగ్రీ కాలేజీలో వార్షికోత్సవం జరిగింది. కొత్తగా కట్టిన ఆడిటోరియం, దాని పక్కన బొమ్మల గ్యాలరీ, వెనక చెట్ల కింద ఓపెన్ స్టేజీ. మూడింటికీ ఒకే రోజు రిబ్బన్ కత్తిరించారు. ఆ పండుగకు మా వాడ నుంచి ఆరుగురు డప్పు కళాకారులను పిలిచారు. ఎక్కడికి పిలిచారు? గేటు దగ్గరికి!

ముఖ్య అతిథి కారు వచ్చేదాకా రెండు గంటలు ఎండలో నిలబెట్టారు. కారు దిగగానే మనవాళ్లు దరువేస్తూ ముందు నడిచారు. ఆడిటోరియం మెట్ల దగ్గర ఒకాయన చెయ్యి అడ్డం పెట్టి, "ఇగ చాలు, మీరు ఆడ్నే ఉండుండ్రి" అన్నాడు. లోపల జ్యోతి వెలిగింది. ప్రార్థన అయింది. కూచిపూడి నాట్యం అయింది. మనవాళ్లు సైకిల్ స్టాండులో డప్పులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

ఆ ఆరుగురిలో ఒకరు నాకు చిన్నాయన వరుస. ఆయన మనుమరాలు అదే కాలేజీలో డిగ్రీ రెండో సంవత్సరం. పిల్ల లోపల కుర్చీలో, తాత బయట సైకిళ్ల మధ్య. సాయంత్రం ఆ పిల్ల అడిగింది, "తాతా, లోపలికెందుకు రాలే?" ఆయన అన్నమాట: "మనది గేటు దాకనే బిడ్డా." ఆ మాట నాకు రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదు.

మర్నాడు కాలేజీకి వెళ్లి అడిగాను. మూడు కారణాలు చెప్పారు.

మొదటిది, డప్పు చప్పుడుకు హాలు తట్టుకోదట. అదే హాల్లో కొత్త పిల్లల స్వాగత పార్టీకి మనిషంత ఎత్తు బాక్సులు పెట్టి సినిమా పాటలు మోగించారు. అప్పుడు గోడలు కూలలేదు. మన సిర్ర, చిటికెన పుల్ల తగిలితేనే కూలుతాయా?

రెండోది, డప్పు కాపడానికి మంట పెట్టాలి, హాల్లో మంట నిషేధమట. మరి స్టేజీ మీద వెలిగించిన జ్యోతి మంట కాదా సారూ? తోలు చెమ్మకు మెత్తబడుతుంది, సెగ తగిలితే బిగుస్తుంది. ఆ పని ఆవరణలో ఒక మూల చేసుకుని డప్పు లోపలికి తెచ్చుకుంటాం. ఆ మూల చూపించే మనసు లేక నిబంధన చూపిస్తున్నారు.

మూడోది అసలు కారణం. "అది జానపదం, ఇది శాస్త్రీయం" అన్నారు. శాస్త్రమంటే ఏందయ్యా? పెళ్లికొక దరువు, జాతరకొక దరువు, చావుకొక దరువు. చిన్ననాటి నుంచి అయ్య పక్కన నిలబడి నేర్చుకున్న విద్య. రాసిన పుస్తకం లేదు కాబట్టి శాస్త్రం కాకుండా పోయిందా? చిందు యక్షగానంలో పద్యం లేదా, అడుగు లేదా, కిరీటం లేదా? నిజామాబాద్ జిల్లా చిందు ఎల్లమ్మ ఆడ వేషం, మగ వేషం రెండూ కట్టి మెప్పించింది. 2005లో కన్నుమూసింది. జనగామ జిల్లా చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ ఇచ్చారు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యకు 2022లో ఇచ్చారు. ఢిల్లీలో రాష్ట్రపతి ముందు నడిచిన కళకు మన టౌన్ కాలేజీ మెట్లు ఎక్కే అర్హత లేదట!

ఇక గ్యాలరీ సంగతి. గోడకు చేర్యాల పటాలు వేలాడదీశారు. అద్దాలు, లైట్లు, బాగానే ఉంది. కానీ పటం గోడ కోసం పుట్టలేదు. పటం విప్పుకుంటూ, ఒక్కో బొమ్మ చూపుకుంటూ కథ చెప్పాలి. డక్కలోళ్లు మాదిగ వాడలకు వచ్చి జాంబపురాణం చెప్పేది అట్లనే. బొమ్మకు గోడ దొరికింది, కథ చెప్పే డక్కలాయనకు మాత్రం గుమ్మం దొరకలేదు. మన బతుకును అందంగా చూసుకుంటారు, మన మనిషిని చూడరు.

ఈ హాలు ఎవరి సొమ్ముతో లేచింది? ఆ కాలేజీలో మన వాడల పిల్లలు వందల్లో ఉన్నారు. వాళ్ల పేరున ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్ కడుతుంది. పునాదికి మట్టి తట్టలు మోసింది మన ఆడవాళ్లే. సొమ్ము మనది, చెమట మనది, స్టేజీ వాళ్లదా?

మన యువకుల్లో కొందరు, "అసలు డప్పే వద్దు మాస్టారూ, అది బానిస గుర్తు" అంటున్నారు. వాళ్ల కోపంలో న్యాయం ఉంది. పటేండ్ల చావుకు, ఊరి దండోరాకు కూలి లేకుండా కొట్టించారు. ఆ వెట్టిని కొట్టనన్నవాడికి నా దండం. కానీ తప్పు డప్పుది కాదు, వెట్టిది. 1994 జూలైలో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా మొదలైనప్పుడు అదే డప్పు పోరాటానికి గొంతయింది. గేటు దగ్గర ఎండలో నిలబెట్టి అతిథికి స్వాగతం కొట్టించడం పాత వెట్టికి కొత్త చొక్కా తొడగడమే. ఆ చొక్కాను గుర్తుపట్టాలె.

బాబాసాహెబ్ మనకిచ్చిన రాజ్యాంగంలో 15వ అధికరణం రెండో భాగం చదవండి. కులం పేరున ఎవరినీ వినోద స్థలాల నుంచి దూరం పెట్టరాదని స్పష్టంగా ఉంది. 1989 అట్రాసిటీ చట్టానికి 2015లో చేసిన సవరణ కూడా విద్యాసంస్థల్లోకి, వినోద స్థలాల్లోకి మనల్ని రాకుండా అడ్డుకోవడాన్ని నేరమన్నది. "మేం కులం చూడలేదు" అంటారు. మరి మెట్ల దగ్గర ఆగిపోయింది ఎవరో లెక్కపెట్టండి, కులం కనపడుతుంది.

మనం ఏం అడగాలి? ఒకటి, కార్యక్రమం కరపత్రంలో మన కళాకారుల పేర్లు అచ్చు వేయాలి. రెండు, స్టేజీ మీద మిగతా వాళ్లతో సమానంగా సమయం, సమానంగా పారితోషికం ఇవ్వాలి. మూడు, గ్యాలరీలో పటం ఉన్నచోట కథ చెప్పే మనిషిని పిలిచి చెప్పించాలి. నాలుగు, హాలు కమిటీలో మన పిల్లలు, మన కళాకారులు ఉండాలి. ఈ నాలుగూ రాసి, మీ ఊరి దగ్గర ఏ కాలేజీ ఉంటే ఆ ప్రిన్సిపాల్‌కు సంతకాలతో ఇవ్వండి. నకలు మీ దగ్గర ఉంచుకోండి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

అప్పటిదాకా ఒక్క మాట మీద నిలబడదాం. స్టేజీ లేని చోట స్వాగతం లేదు. వచ్చే ఏడు పిలుపు వస్తే మా చిన్నాయన అడగబోయే మాట ఇప్పటికే నేర్చుకున్నాడు: "గేటుకా, స్టేజీకా? ముందు అది చెప్పుండ్రి."

జై భీమ్!