మానిటర్ రూముకు, ల్యాప్‌టాప్ మనకు

డ్యూటీ అయినాక ఆటోక్యాడ్, రెవిట్, వీడియో ఎడిటింగ్ నేర్చుకునే పిల్లోళ్ళు మన రూముల్లో ఎక్కువైనారు. అందరూ అడిగేది ఒకటే: డెస్క్‌టాప్ కొనాల్నా, గేమింగ్ ల్యాప్‌టాప్ కొనాల్నా? మా రూములో చాన్నాళ్ళు వాదించుకున్నాం. మాకు తేలింది ఇది: మనలాంటోళ్ళకు గేమింగ్ ల్యాప్‌టాపే మేలు, దానికి తోడు ఒక పాత మానిటర్.

డెస్క్‌టాప్ వైపు న్యాయం లేదని కాదు. అదే డబ్బుకు ఎక్కువ పని చేస్తాది. ఆర్‌టీఎక్స్ 4070 డెస్క్‌టాప్ కార్డుకు 12 జీబీ మెమరీ ఉంటాది, అదే పేరుతో ల్యాప్‌టాప్‌లో వచ్చేదానికి 8 జీబీనే. పేరు ఒకటే గానీ చిప్పు వేరు. డెస్క్‌టాప్‌లో చెడిపోయిన కార్డు ఒక్కటే మార్చుకోవచ్చు. ల్యాప్‌టాప్‌లో అది బోర్డుకే అతికి ఉంటాది.

అయినా ల్యాప్‌టాపే ఎందుకంటున్నామంటే, మన బతుకు అకామా మీద ఉంది. కంపెనీ క్యాంపు మార్చినా, అబ్దలీ వైపు సైటుకు పంపినా, ఉన్నట్టుండి ఇంటికి పోవాల్సి వచ్చినా, మనతో వచ్చేది సంచిలో పట్టేదే. 18 ఏళ్ళు నిండినోళ్ళు ఇండియాకు ఒక ల్యాప్‌టాప్ సుంకం లేకుండా తీసుకుపోవచ్చు. విమానంలో 100 వాట్-అవర్ దాటిన బ్యాటరీకి ఎయిర్‌లైన్స్ అనుమతి కావాలి. అందుకే పెద్ద గేమింగ్ ల్యాప్‌టాపుల బ్యాటరీ కూడా 99 దగ్గరే ఆగుతాది.

మరి మానిటర్ ఎందుకు? 15 అంగుళాల తెరలో ఒకపక్క ప్లాను, ఒకపక్క పాఠం పెట్టుకొని నేర్చుకోలేం. పొద్దంతా సైట్లో వంగినోళ్ళు రాత్రి కూడా మెడ వంచాల్నా? అల్ రాయ్‌లో శుక్రవారం సంతకు పోతే పాత మానిటర్లు చూడొచ్చు. వెలిగించి చూసినాకే దుడ్లు ఇవ్వండి. హెచ్‌డీఎంఐ కేబుల్ ఉంటే చాలు. టైప్-సీ పోర్టులన్నీ మానిటర్‌కు బొమ్మ పంపవు, ల్యాప్‌టాప్ కొనేటప్పుడే అడగండి. మానిటర్ మాత్రం రూములో నలుగురూ కలిసి కొనండి. పోయేటోడు ల్యాప్‌టాప్ తీసుకుపోతాడు, మానిటర్ కొత్తగా వచ్చేటోడికి ఉంటాది.

2024 జూన్‌లో ఎండల లోడు తట్టుకోలేక కువైట్‌లో కరెంటు కోతలు పెట్టినారు. అట్లాంటప్పుడు మానిటర్ ఆరిపోయినా, ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తాది, చేసిన పని పోదు.

ఇంక వేడి సంగతి. మన జహ్రా గవర్నరేట్‌లోని మిత్రిబాలోనే 2016 జూలై 21న 53.9 డిగ్రీలు నమోదైంది. ఏసీ లేని రూములో బరువు పని పెట్టొద్దు. మంచం మీద, దుప్పటి మీద పెడితే గాలి ఆడదు. టేబుల్ మీద వెనకవైపు కాస్త ఎత్తు పెట్టి, మూత తెరిచి ఉంచండి. ఎప్పుడూ చార్జర్‌కే ఉంటాది కాబట్టి, సెట్టింగ్ ఉంటే చార్జింగ్ 80 శాతం దగ్గర ఆపండి. నిండు చార్జింగు, వేడి కలిస్తే బ్యాటరీ ఉబ్బే ప్రమాదం ఎక్కువ.

అన్నిటికన్నా ముఖ్యం కరెంటు. 2024 జూన్ 12న మంగాఫ్ బిల్డింగు మంటల్లో 40 మందికి పైగా మన దేశపోళ్ళు పోయినారు. కరెంటు షార్ట్ సర్క్యూటే కారణమని అగ్నిమాపక శాఖ చెప్పింది. గేమింగ్ ల్యాప్‌టాప్ చార్జర్ 230 వాట్లు, మానిటర్ 30 వాట్లు అనుకుంటే అది పెద్ద లోడు కాదు. అదే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు 2000 వాట్ల కెటిల్, దానికి తోడు రైస్ కుక్కర్, ఇస్త్రీ పెట్టె తగిలిస్తేనే ముప్పు. 13 ఆంపియర్ల ప్లగ్గు మోసేది సుమారు 3000 వాట్లే. వంటకు వేరే సాకెట్ వాడండి. ఒక బాక్సుకు ఇంకో బాక్సు తగిలించొద్దు.

"గేమింగ్ అంటే ఆటలేగా, ఇంటికి పంపే దుడ్లు తగలేస్తారా" అని పెద్దోళ్ళు అంటారు. వాళ్ళ భయం న్యాయమే. అందుకే వడ్డీకి తెచ్చి కొనొద్దు. ముందు రూములో ఎవరిదన్నా తీసుకొని మూడు నెలలు నేర్చుకోండి, నిలబడతాం అనిపిస్తేనే కొనండి. అకామా ఒకరి దగ్గర పెట్టుకొని బయట పని చేస్తే చిక్కులొస్తాయి, కాబట్టి ఇక్కడ నేర్చుకోవడం వరకే. ఇనుము మోసే చెయ్యి డ్రాయింగ్ గీసే చెయ్యి అయితే, రేపు ఊరికి పోయినా ఆ పని మనతోనే ఉంటాది.

వచ్చే శుక్రవారం మానిటర్ చూడను పోయేటోళ్ళు ఉంటే చెప్పండి, కలిసి పోదాం.