పిల్లిని సంచిల కట్టి వాగు అవతల ఇడిసెటోళ్లకు ఒక మాట



ఈ పోస్టు పత్తి రేటు మీద కాదు, బోరు కరెంటు మీద కాదు. పిల్లి మీద. నవ్వెటోళ్లు నవ్వుండ్రి, కానీ ఆఖరి దాక చదివి నవ్వుండ్రి.

మన ఊర్లల్ల ఒక అలవాటున్నది. ఇంట్ల పిల్లి కుంటిదైతే, కన్ను పోతే, ఒళ్లంత పుండ్లయితే దాన్ని యూరియా సంచిల ఏసి, మూతి కట్టి, బండి మీద తీస్కపోయి వాగు అవతల ఇడిసి వస్తరు. వచ్చి కాళ్లు చేతులు కడుక్కొని "నేనేం చంపలే, ఇడిసిపెట్టిన" అంటరు. నేను చెప్పేది ఒక్కటే. అది ఇడిసిపెట్టుడు కాదు, చంపుడే. చేతికి రక్తం అంటకుండ చంపుడు.

ఎట్లంటరా? మంచిగున్న పిల్లి కొత్త జాగల ఎలుకనో తొండనో పట్టుకొని బతుకుతదేమో. మూడు కాళ్లది కుక్కలు తరిమితే చెట్టెక్కలేదు. కన్ను లేనిది రోడ్డు దాటలేదు. దానికి తెలిసింది మన ఇల్లే. పొయ్యి ఎక్కడున్నది, గడ్డివాము ఎక్కడున్నది, ఏ గోడ సందుల దాక్కోవాలె, గీ ఎరుక మీదనే అది బతుకుతున్నది. గా ఎరుక గుంజుకుంటే ఇంక దానికి ఏం మిగులుతది?

2024 ఫిబ్రవరిల మన అడ్డాకుల మండలం పొన్నకల్‌ల రాత్రిపూట వచ్చి 20 దాక కుక్కలను తుపాకితోని కాల్చి చంపిండ్రు. పేపర్లల్ల వచ్చింది, కేసయింది, అరెస్టులయినయి. "ఎంత పాపిష్టోళ్లు" అని మనమందరం అన్నం. తుపాకికి చప్పుడు ఉన్నది కాబట్టి అన్నం. యూరియా సంచికి చప్పుడు లేదు, అందుకే ఎవరూ ఏమనరు.

చట్టం సంగతి కూడా చెప్త. 1960 నాటి జంతు హింస నివారణ చట్టంల 11వ సెక్షన్ ఉన్నది. ఆకలితోనో దప్పికతోనో బాధపడేటట్టు జంతువును సరైన కారణం లేకుండ వదిలేస్తే నేరమే. మొదటిసారి జరిమానా ఎంతనో తెలుసా? 10 రూపాయల నుంచి 50 రూపాయల దాక. చాయ్ బిస్కెట్ ఖర్చు. దానికి ఎవరు భయపడతరు? అందుకే నేను చట్టం పేరు చెప్పి బెదిరిస్తలేను. మర్యాద గురించి మాట్లాడుతున్న.

"మనకే గతి లేదు, పిల్లికి వైద్యమా?" అని అడిగెటోళ్లు ఉంటరు. అడగవలసిన ప్రశ్ననే. లెక్క చూద్దాం.

మా ఇంట్ల ఒక పిల్లి ఉన్నది. పట్నంల షెల్టర్ నుంచి మా బిడ్డ తెచ్చింది. నడిస్తే తాగినోని తీరు ఊగుతది, తింటాంటే తల వణుకుతది. వాడకట్టోళ్లు కొందరు గాలి సోకిందన్నరు, కొందరు పిచ్చి లేసిందన్నరు. పశువుల డాక్టరు చెప్పిన సంగతి వేరే. తల్లి పిల్లి కడుపుతోని ఉన్నప్పుడు దానికి ఒక వైరస్ రోగం వస్తే, కడుపుల ఉన్న కూనలకు చిన్న మెదడు సరిగ పెరగదు. ఒంటిని నిలకడగ పట్టుకునేది గదే. ఆ ఊగుడు ఇంకో పిల్లికి అంటుకోదు, దినదినం ఎక్కువ కాదు, నొప్పి ఉండదు. మిగతా పిల్లుల లెక్కనే నిండు ఆయుష్షు బతుకుతది. ఒక్క ముచ్చట యాది పెట్టుకోండ్రి: పుట్టినప్పటి నుంచి ఊగేది వేరు, మంచిగున్నది ఉన్నట్టుండి ఊగుడు వేరు. అది విషమో, దెబ్బో, రేబిసో కావచ్చు. ముట్టుకోకుండ డాక్టరుకు చెప్పాలె. ఏ పిల్లి కరిచినా గీరినా 15 నిమిషాలు సబ్బునీళ్లతోని కడిగి, దవాఖానకు పోయి సూది వేయించుకోవాలె.

మరి దానికి ఖర్చేంది? షాబాదు బండల మీద కాళ్లు జారుతయని రెండు గోనె పట్టలు పరిచినం. కదలకుండ బరువున్న గిన్నెల తిండి పెడతం. నీళ్ల గోలెం మీద పలక మూస్తం, మిద్దె మెట్లకు అడ్డం పెడతం. అంతే. మూడు కాళ్ల పిల్లికి పుండు మానినంక ఇంత కూడా అక్కర లేదు. రోజూ గోళీలు మింగాల్సిన పిల్లి సంగతి వేరు. అది అందరితోని కాదు. కాకపోతే కాదని ముందే చెప్పుండ్రి, తెచ్చుకోకుండ్రి. దాంట్ల తప్పు లేదు. తెచ్చుకొని సంచి తీసుడే తప్పు.

సాకెటోళ్లు కూడా తెలవక చంపుతరు. జ్వరమని పారాసిటమాల్ గోళీ ఇయ్యకుండ్రి. మనకు మందైన ఆ గోళీ పిల్లికి విషం, ఒక్కటి చాలు ప్రాణం తీయనీకి. కుక్కల గోమార్లకు పోసే మందు పిల్లి మీద పోయకుండ్రి, వాటిల్ల కొన్ని పిల్లిని చంపుతయి. పాలు పోస్తే చాలనుకుంటరు, పెద్ద పిల్లుల్ల చాన వాటికి పాలు అరగయి, పారుకుంటయి. పల్లికాయ అర్రల జింక్ ఫాస్ఫైడ్ పెట్టి, ఆ ఎలుకను పిల్లి తిని చస్తే దయ్యం పట్టిందనుకుంటరు. ఎలుకల మీద కోపంతోని ఇల్లు తగలబెట్టుకున్నట్టు గిదే.

సాకలేని పరిస్థితి వస్తే ఏం చేయాలె? పాలమూరు దిక్కు బొంబాయి, పుణె వలస పోయెటప్పుడు తాళం వేసిన తలుపు ముందట పిల్లి కూసుంటది. పట్నం తీస్కపోయి షెల్టర్ గేటు కాడ ఇడిసిపెట్టుడు కూడా సంచి పనే. హైదరాబాద్ బ్లూ క్రాస్‌ను అమల అక్కినేని 1992ల పెట్టింది. అసొంటి జాగలు దెబ్బ తగిలిన జంతువుల కోసం ఉన్నయి, మన బాధ్యత దించుకోనీకి కాదు. అక్కడ కూడా ఒక ఇల్లు దొరికితేనే కుంటి పిల్లి గాచారం మారుతది.

ఇల్లు మార్చాల్నంటే పద్ధతిగ మార్చుండ్రి. ముందుగాల వైద్యం చేయించి, పిల్లలు కాకుండ ఆపరేషన్ చేయించుండ్రి. పిల్లికి రెండు నెలలకే కాన్పు, ఏడాదికి రెండు మూడు ఈతలు ఈనుతది. 1962 బండి బర్రె కోసం వచ్చినప్పుడు ఆ డాక్టరును పిల్లిని కూడా చూడుమని అడిగితే పోయేదేం లేదు. తీసుకునేటోళ్లకు ఉన్న లోపం ఉన్నట్టు చెప్పుండ్రి. దేవరకద్ర అంగట్ల కాలీడ్చే ఎద్దును దాచి అమ్మినోన్ని మనం ఏమంటం? పిల్లికి కూడా గదే న్యాయం. గాలాడే బుట్టల తీస్కపోండ్రి, అది పండిన గోనెపట్ట తోడు పంపుండ్రి. కొత్త ఇంట్ల రెండు వారాలు ఒక్క అర్రలనే ఉంచుమనుండ్రి. వాళ్లకు పొసగకపోతే తిరిగి తెచ్చుకుంటమని మాట ఇయ్యుండ్రి.

"ఎద్దునే సాకలేక అమ్ముకుంటున్నం" అంటరు. నిజమే, ఎద్దుకు గడ్డి కట్టలు కావాలె. పిల్లికి మన కంచంల పిడికెడు. ఇక్కడ అడ్డమొచ్చేది పైసలు కాదు, "పనికొస్తదా?" అనే లెక్క. ఆ లెక్కనే మన మీద కూడా నడుస్తున్నది గదా! పంట పండితే అన్నదాత, ఎండితే మొండి బకాయి. పనికొచ్చినన్ని దినాలే విలువ అని మనల్ని కొలిచినోళ్ల మీద కోపం చేస్తం, ఇంటికొచ్చి అదే తరాజు పిల్లి మీద పెడతం.

నల్లగొండోళ్లకు ఇంక నేను చెప్పాల్నా? మర్రిగూడ దిక్కు ఫ్లోరైడ్ నీళ్లకు ఎముకలు వంగినయి, పశువులకు కూడా కాళ్లు పోయినయి. మనిషిని పిల్లితోని పోలుస్తలేను. కానీ నడుము వంగిన బిడ్డకు ఏండ్ల తరబడి అన్నం కలిపి పెట్టిన అవ్వలు మన గడ్డ మీదనే ఉన్నరు. తప్పు బిడ్డది కాదు, నీళ్లదని వాళ్లకు తెలుసు. వంకర ఉన్నంత మాత్రాన బతుకు పారేసేది కాదని మనకన్న ఎక్కువ ఎవరికి ఎరుక?

పిసినారిని మనం ఏమని తిడతం? "పిల్లికి కూడా బిచ్చం పెట్టడు" అని. గంత పెద్ద తిట్టు మన నోట్లనే ఉన్నది. దాన్ని మన మీదికి తెచ్చుకోకుండ్రి. మీ ఇంట్ల కుంటి పిల్లి ఉంటే, సంచి ఎతికే ముందుగాల మండల పశువుల దవాఖానకు ఒక్క ఫోన్ చేయుండ్రి.