పదకొండో సీటు కడపకు ఇవ్వాలా?

ఐపీఎల్ లేని నెలల్లో మా కాలేజీ వాట్సాప్ గ్రూప్‌కి ఒక జబ్బు పట్టుకుంటుంది. ఎవడో ఒకడు "ఆల్ టైమ్ తెలుగు ఎలెవన్ చెప్పండ్రా" అని వదులుతాడు. ఇంక ఆ రోజు ఎవడి ఆఫీసు పనీ ముందుకు సాగదు. కర్నూల్లో చదువుకున్న బ్యాచ్ మాది. సగం మంది బెంగళూరు, నలుగురు హైదరాబాద్, ఇద్దరు డాలస్. ఒకడు మాత్రం నంద్యాలలోనే ఉండి వాళ్ల నాయన విత్తనాల అంగడి చూసుకుంటాడు. అందరికంటే గట్టిగా వాదించేది వాడే. మేనేజర్ లేడు కదా.

ఈసారి నేనే ఎక్సెల్ షీట్ తెరిచాను. ముందు రూలు తేల్చాలి. ఎవరు తెలుగు వాళ్లు? ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లే అంటే సగం జట్టు ఎగిరిపోతుంది. మా కర్నూలు వన్ టౌన్‌లో ఉర్దూలో పలకరించి తెలుగులో బేరమాడే ఊరు మాది. అజార్‌నీ సిరాజ్‌నీ బయట నిలబెట్టే రూలు నా షీట్‌లో ఉండదు. తెలుగు ఇంట్లో పుట్టినా చాలు, తెలుగు నేల మీద ఆట నేర్చుకున్నా చాలు. మన్సూర్ అలీఖాన్ పటౌడీ హైదరాబాద్‌కి ఆడాడు గానీ ఆట నేర్చింది ఇంగ్లాండ్‌లో. సారీ నవాబ్ గారూ.

రెండో రూలుకే గొడవ. ఆడవాళ్లూ మగవాళ్లూ ఒకే లిస్టులో ఉంటారు అన్నాను. "ఏ ఫార్మాట్ రా ఇది?" అన్నాడు గుంటూరు వాడు. 1932లో ఆడినవాడికీ 2025లో ఆడినవాళ్లకీ కలిపి జట్టు కడుతున్నాం. టైమ్ మెషీన్‌కి లేని అభ్యంతరం దీనికెందుకు? ఎవరి కాలంలో, ఎవరి ఎదుట, ఎంత గొప్పగా ఆడారు అన్నదే లెక్క.

తేలిగ్గా తేలిన పేర్లు ముందు. మూడో నంబర్ లక్ష్మణ్. ఈడెన్ 281 గురించి మీకు నేను చెప్పాలా? ఓపెనర్‌గా జయసింహ. 1960లో కలకత్తాలో ఆస్ట్రేలియా మీద టెస్ట్ ఐదు రోజులూ బ్యాటింగ్ చేసిన మనిషి. 1968లో టూర్ మధ్యలో పిలిపిస్తే బ్రిస్బేన్ వెళ్లి 74, 101 కొట్టాడు. కాలర్ ఎత్తుకుని తిరగడం మన హీరోల కంటే ముందు ఆయనే మొదలుపెట్టాడని మా నాయన తరం అంటుంది. ఆయనకు జోడీ మిథాలీ రాజ్. 1999లో మొదటి వన్డేలోనే ఓపెనర్‌గా దిగి నాటౌట్ 114. తర్వాత టెస్టుల్లో 214. వన్డేల్లో 7,805 పరుగులు. ఆమెది తమిళ కుటుంబం, ఆట నేర్చింది సికింద్రాబాద్‌లో. రూలు పాస్.

నాలుగు అజారుద్దీన్. మొదటి మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు. ఇక్కడ డాలస్ వాడు 2000 సంవత్సరం గుర్తుచేశాడు. ఆ ఏడాది బోర్డు జీవితకాల నిషేధం వేసింది, 2012లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అది చెల్లదంది. రెండూ షీట్‌లో రాశాను. జట్టులో ఉంచాను. ఆ మణికట్టును వదిలేసి ఆల్ టైమ్ ఎలెవన్ అంటే నాకే నమ్మబుద్ధి కాదు.

ఆరో స్థానానికి హనుమ విహారి. 2021 సిడ్నీలో తొడ కండరం పట్టేసినా 161 బంతులు ఆడి 23 పరుగులతో నిలబడ్డాడు చూడండి, ఈ షోకు జట్టులో అలాంటి మొండివాడు ఒకడు కావాలి. ఏడు ఆబిద్ అలీ. మొదటి టెస్టులోనే అడిలైడ్‌లో 55 పరుగులకు 6 వికెట్లు. 1971 ఓవల్‌లో ఇంగ్లాండ్ గడ్డ మీద మనం తొలిసారి సిరీస్ గెలిచినప్పుడు ఆఖరి షాట్ కొట్టింది కూడా ఆయనే. బ్యాటింగ్ ఓపెన్ చేస్తాడు, బౌలింగ్ ఓపెన్ చేస్తాడు. స్టార్టప్ భాషలో ఫుల్ స్టాక్. ఆయన ఉన్నాడు కాబట్టే నితీశ్ కుమార్ రెడ్డికి చోటు దొరకలేదు. మెల్‌బోర్న్ 114 చూసి నేనూ అరిచాను, అందులోనూ అతను కడపలోని ఆంధ్ర క్రికెట్ అకాడమీలో తర్ఫీదు పొందినవాడు. అయినా పని ఒకటే, సీటు ఒకటే.

కీపర్ కె.ఎస్. భరత్. రంజీలో ట్రిపుల్ సెంచరీ కొట్టిన మొదటి కీపర్. ఆఫ్ స్పిన్నర్ దగ్గర కాసేపు ఆగాం. శివలాల్ యాదవ్‌కి 102 టెస్ట్ వికెట్లు, గులాం అహ్మద్‌కి 68. నేను గులాం అహ్మద్‌నే తీసుకున్నాను. 1952లో మద్రాసులో ఇండియా మొట్టమొదటి టెస్ట్ గెలిచిన జట్టులో ఆయన ఉన్నాడు. ఆ కాలంలో ఇండియాకి ఆడటమంటే ఎక్కువగా ఓడటమే. ఓడే జట్టులో వికెట్లు తీయడం వేరే ఉద్యోగం. ఫాస్ట్ బౌలర్ సిరాజ్, చర్చ లేదు. 2025 ఓవల్‌లో 6 పరుగుల తేడాతో గెలిపించిన ఆ పొద్దు గ్రూప్‌లో అందరం ఆఫీసు కాల్స్‌లో మ్యూట్‌లో ఉన్నాం.

ఇక ఐదో స్థానం, కెప్టెన్సీ. కొట్టారి కనకయ్య నాయుడు. నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబం. 1926లో బొంబాయిలో ఎంసీసీ మీద 153 కొట్టాడు, అందులో 11 సిక్సర్లు. 1932 జూన్‌లో లార్డ్స్‌లో ఇండియా మొట్టమొదటి టెస్ట్ కెప్టెన్. మా కర్నూలు వాళ్లకి ఇంకో ముడి ఉంది. 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం పుట్టింది. ఆ సీజన్లోనే ఆంధ్ర జట్టు రంజీ ట్రోఫీలోకి అడుగుపెట్టింది. ఆ జట్టుకి ఆడటానికి వచ్చాడు నాయుడు, 58 ఏళ్ల వయసులో! గ్రూప్‌లో ఒక్కడు కూడా ఈ పేరు మీద నోరెత్తలేదు.

నేను కావాలనే ఆయన లెక్కలు పెట్టాను. 7 టెస్టులు. 350 పరుగులు. సగటు 25.

ఈ మూడు నంబర్లు గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనికొస్తాయి.

ఎందుకంటే మిగిలింది పదకొండో సీటు. ఎడమచేతి స్పిన్నర్. వెంకటపతి రాజు 28 టెస్టులు, 93 వికెట్లు. 1990లో చండీగఢ్‌లో శ్రీలంక మీద 12 పరుగులకు 6 వికెట్లు తీశాడు. ప్రజ్ఞాన్ ఓఝా 24 టెస్టులు, 113 వికెట్లు. పుట్టింది భువనేశ్వర్ అయినా ఎదిగింది హైదరాబాద్‌లో. మూడో పేరు నేను టైప్ చేశాను. శ్రీచరణి, ఎర్రమల్లె, వీరపునాయునిపల్లె మండలం, కడప జిల్లా.

"వచ్చేసింది సామీ సీమ కోటా" అన్నాడు గుంటూరు వాడు.

కోటా కాదురా, ముందు బౌలింగ్ చూడు. 2025 ఏప్రిల్‌లో మొదటి వన్డే. జూన్‌లో ట్రెంట్‌బ్రిడ్జ్‌లో మొదటి టీ20, ఇంగ్లాండ్ మీద 12 పరుగులకు 4 వికెట్లు. ఆ సిరీస్ మొత్తం 10 వికెట్లు, ప్లేయర్ ఆఫ్ ది సిరీస్. అక్టోబర్‌లో వరల్డ్ కప్ సెమీస్, ఆస్ట్రేలియా 338 కొట్టిన మ్యాచ్. మిగతా బౌలర్లను చితకబాదుతుంటే ఈ పిల్ల 10 ఓవర్లు వేసి 49 పరుగులే ఇచ్చి 2 వికెట్లు తీసింది. నా దృష్టిలో ఫైనల్ కంటే ఆ స్పెల్లే గొప్పది. ఆ 10 ఓవర్లలో ఇంకో 20 పోయుంటే జెమీమా ఇన్నింగ్స్ గురించి మనం ఇప్పుడు మాట్లాడుకునేవాళ్లం కాదేమో. టోర్నీలో మొత్తం 14 వికెట్లు. మన జట్టులో దీప్తి శర్మ తర్వాత ఆమెవే ఎక్కువ.

"అంతా కలిపి ఒక్క ఏడాది రా. రాజు పదేళ్లు ఆడాడు" అన్నాడు వాడు. న్యాయమైన మాటే.

దీనికి జవాబు నాకు క్రికెట్లో దొరకలేదు, బేస్‌బాల్లో దొరికింది. అమెరికా వాళ్లకి ఈ ఆల్ టైమ్ జట్ల పిచ్చి మనకంటే ముదిరిపోయింది. 1999లో శతాబ్దపు జట్టు కోసం అభిమానుల చేత ఓట్లు వేయించారు. 25 మంది వచ్చారు. తీరా చూస్తే హోనస్ వాగ్నర్, స్టాన్ మ్యూజియల్ లాంటి మహామహులు లేరు. జనం తాము చూసినవాళ్లకే గుద్దారు మరి. అప్పుడొక కమిటీ కూర్చొని ఇంకో ఐదుగురిని కలిపింది. అయినా ఆ 30 మందిలో జాష్ గిబ్సన్ లేడు. నల్లజాతి వాళ్లని మేజర్ లీగ్‌లోకి రానివ్వని రోజుల్లో వాళ్ల సొంత లీగుల్లో ఆడిన క్యాచర్ ఆయన. 1947 జనవరిలో చనిపోయాడు. అదే ఏడాది ఏప్రిల్‌లో జాకీ రాబిన్సన్ కోసం ఆ గేటు తెరుచుకుంది. ఆ లీగుల లెక్కల్ని మేజర్ లీగ్ తన రికార్డుల్లో కలుపుకున్నది 2024లో. కలపగానే ఏమైంది? గిబ్సన్ బ్యాటింగ్ సగటు .372తో, అప్పటిదాకా మొదటి స్థానంలో ఉన్న టై కాబ్‌ని దాటిపోయింది. 'ఆ లీగుల్లో సీజన్లు చిన్నవి, మ్యాచ్‌లు తక్కువ' అని అక్కడా కొందరు సణిగారు. మ్యాచ్‌లు తక్కువ ఎందుకయ్యాయి అనేదే కదా అసలు ప్రశ్న.

వాళ్ల కథా మన కథా ఒకటే అని నేననను. కానీ షీట్‌లో కనిపించే నంబర్ ఎప్పుడూ సగమే చెప్తుంది. 23 ఏళ్ల కెరీర్లో మిథాలీకి దొరికిన టెస్టులు 12. బీసీసీఐ ఆడవాళ్ల క్రికెట్‌ని తన చేతిలోకి తీసుకున్నదే 2006లో. నాయుడికి 7 టెస్టులే ఎందుకు? ఇండియాకి టెస్ట్ హోదా వచ్చేసరికే ఆయనకి 36 దాటాయి కాబట్టి. ఆయన దగ్గర ఈ లెక్క ఒప్పుకున్నవాళ్లు ఎర్రమల్లె అమ్మాయి దగ్గరికి రాగానే మ్యాచ్‌లు లెక్కపెడతామంటే ఎట్లా?

సీమ సంగతీ ఇంతే. నా షీట్‌లో హైదరాబాద్ పేర్లు ఎందుకంత బరువున్నాయో చూడండి. జింఖానా, ఫతే మైదాన్, మొయినుద్దౌలా గోల్డ్ కప్, ఆటగాళ్లకి ఉద్యోగాలిచ్చిన బ్యాంకులు. ఒక కుర్రాడు సైకిల్ తొక్కుకుంటూ పోయి లీగ్ మ్యాచ్ ఆడి రాత్రికి ఇంటికి రావచ్చు. మా దగ్గర చెరువు ఎండితే టెస్ట్ మ్యాచ్, చెరువు నిండితే ఆట బంద్. చెరువు నిండటం తక్కువ కాబట్టి ఆట మాత్రం బాగా ఆడాం. కానీ పగుళ్లిచ్చిన ఒండ్రు మీద టెన్నిస్ బంతితో ఎంత ఆడినా సెలెక్టర్ చెరువు గట్టు మీదికి రాడు. ఇప్పుడు కడపలో స్టేడియం ఉంది. అనంతపురంలో ఆర్‌డీటీ గ్రౌండ్‌లో 2024లో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లే జరిగాయి. రాయచోటి వైపు నుంచి హరిశంకర్ రెడ్డిని 2021లో చెన్నై కొన్నది. మెల్లగా కదులుతోంది. అయినా మా లిస్టులో ఇండియా జెర్సీ వేసిన సీమ పేర్ల కోసం వెతికితే దొరికినవి రెండూ ఆడపిల్లలవే. ఇది మా గ్రూప్‌లో మగపిల్లలం ఎవరం ఊహించలేదు.

ఆ రెండో పేరు ఆదోని అంజలి శర్వాణి. ఎడమచేతి పేసర్. 2022 డిసెంబర్‌లో ఆస్ట్రేలియా మీద ఇండియాకి ఆడింది. సిరాజ్‌కి అటువైపు నుంచి ఎడమచేతి పేస్ ఉంటే జట్టు ఎంత అందంగా ఉంటుందో! ఆదోని మా జిల్లా కూడా. కానీ పెట్టలేదు. అవకాశాలు తక్కువ దొరికాయి, నిజమే. కానీ దొరికిన మ్యాచ్‌ల్లో చరణిలాగా ఒక పెద్ద టోర్నీని తిప్పిన స్పెల్ ఇంకా రాలేదు. ఇక్కడ నేను ఊరి ముఖం చూసి మార్కులు వేస్తే గుంటూరు వాడు అన్న 'కోటా' మాట నిజమవుతుంది. పదిహేను మంది స్క్వాడ్‌లో ఉంది.

పదకొండో పేరు శ్రీచరణి. రాజు పన్నెండో మనిషి. ఓఝా, నితీశ్, అంజలి కలిస్తే పదిహేను. నంద్యాల వాడు తన అంగడి స్టాంపుతో సహా ఆమోదం తెలిపాడు.

గుంటూరు వాడు ఊరుకుంటాడా? రాత్రి పన్నెండున్నరకి పరీక్ష పెట్టాడు. "కడప గ్రౌండ్. ఐదో రోజు. తమిళనాడు ఆల్ టైమ్ ఎలెవన్‌కి 30 పరుగులు కావాలి, 2 వికెట్లున్నాయి. బాల్ ఎవరికిస్తావ్?"

"సిరాజ్" అన్నాను. అబద్ధమెందుకు?

"మరి చరణి?"

"సిరాజ్ రెండు ఎండ్‌ల నుంచీ వేయలేడు కదరా. రెండో ఎండ్ నుంచి పరుగులు ఆపాలి. అటు కొట్టేవాళ్లు దంచుతున్నప్పుడు ఓవర్‌కి ఐదు కూడా ఇవ్వకుండా పది ఓవర్లు వేసిన రికార్డు నీ లిస్టులో ఎవరిదో నువ్వే చెప్పు."

పైన 'టైపింగ్' అని చాలాసేపు కనిపించింది. తర్వాత ఆగిపోయింది.