సర్వర్ లేదు సరే, మనిషి కూడా లేడా?

సర్వర్ల బాధ్యత తనమీద వేసుకుని, మనం రాసిన కోడ్‌ను నడిపిపెట్టే ‘సర్వర్‌లెస్’ సేవ అమెజాన్ లాంబ్డా 2014లో వచ్చింది. మొదట్లో వంద మిల్లీసెకన్ల లెక్కన బిల్లు వేసేది, 2020 డిసెంబరు నుంచి ఒక్కో మిల్లీసెకనుకూ వేస్తోంది. యంత్రం రెప్పపాటు పనిచేసినా కూలి గిట్టాల్సిందే, కంపెనీలు కిక్కురుమనకుండా కడతాయి. ఆ లాంబ్డాలో నడిచే కోడ్ రాసి, రాత్రంతా కాపలా కాసే మనిషి నిద్రకు మాత్రం పైసా విదల్చవు.

నేనూ ఓ అమెరికా కంపెనీకి ఇంటినుంచి పనిచేశాను. కాగితం మీద ‘స్వతంత్ర కాంట్రాక్టర్’ని. పీఎఫ్ లేదు, జ్వరమొస్తే సెలవు లేదు. ఇక స్వతంత్రమంటారా, చలికాలంలో న్యూయార్క్‌లో సాయంత్రం అయిదంటే మనకు తెల్లవారుజామున మూడున్నర. ఆ వేళకు మీటింగు, కెమెరా ఆన్. మౌస్ కదులుతోందో లేదో కనిపెట్టడానికో సాఫ్ట్‌వేర్! డాలర్లిస్తున్నారు కదరా, ఇంకేం కావాలంటాడు మా మామయ్య. ఆయనకు రాత్రి తొమ్మిదికల్లా గురక.

ఆ కంపెనీ ఇంటర్వ్యూలో లింక్డ్ లిస్ట్ తిరగెయ్యమన్నారు. ఆపైన శని, ఆదివారాలు మింగేసిన అసైన్‌మెంటు. క్లౌడ్ అకౌంటు నాది, కార్డూ నాదే. అసలు అడగాల్సింది ఎవరూ అడగలేదు. నేరుగా జవాబు కోసం ఆగకుండా పిలిచిన ఫంక్షన్ ఫెయిలైతే, లాంబ్డా తనంతట తానే మరో రెండుసార్లు నడుపుతుంది. ఒకే పని మూడుసార్లు జరిగినా నష్టం లేకుండా కోడ్ రాయడం వచ్చా అని కదా అడగాలి?

మాకంటే ముందువాడెవడో అలా రాయలేదు. ఓ రాత్రి రెండూ నలభైకి ఫోన్ మోగింది. కార్డులోంచి డబ్బు లాగాక, రసీదు రాసే చోట ఫంక్షన్ కూలిపోయింది. నిమిషం ఆగి మళ్ళీ, రెండు నిమిషాలాగి మళ్ళీ. కస్టమర్ల దగ్గర మూడింతలు లాగేసింది. లెక్కలు సరిచేసి లేచేసరికి పాలవాడొచ్చాడు. నెలాఖరు ఇన్‌వాయిస్‌లో ఆ నాలుగు గంటలు రాస్తే, ‘పని వేళల్లో చేసింది కాదు’ అని కొట్టేశారు. అదే రాత్రి ఆ ఫంక్షన్ తప్పుగా నడిచిన ప్రతి మిల్లీసెకనుకూ అమెజాన్‌కు మాత్రం కట్టారు!

సర్వర్‌లెస్ అట! సర్వర్లెక్కడికీ పోలేదు. 2022 నవంబరు నుంచి అమెజాన్ మన హైదరాబాద్ నుంచి కూడా నడుపుతోంది. పోయింది వాటిని చూసుకునే నైట్ షిఫ్ట్ ఉద్యోగి, అతని జీతం. ఆ షిఫ్టు ఇప్పుడు మన పడకగదిలో ఉచితంగా నడుస్తోంది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! రేపు వచ్చే కాంట్రాక్టులో ఆన్‌కాల్ రాత్రికి ఎంతిస్తారో అంకె రాయించుకోండి. రాయనంటే సంతకం పెట్టకండి.