అరుగు లేని ఇళ్లు

గత నెల మా అపార్టుమెంటులో నాలుగో అంతస్తు మాస్టారు పోయారు. ఆస్పత్రి నుంచి తెచ్చిన ఆయన్ను ఇంట్లోకి తీసుకెళ్లలేకపోయాం. స్ట్రెచర్ లిఫ్టులో పట్టదు, మెట్ల మలుపులో తిరగదు. రెండు కార్లు పక్కకు తీయించి, సెల్లార్‌లో వాళ్ల పార్కింగ్ చోటులోనే పడుకోబెట్టాం. తల దగ్గర పెట్టిన దీపం ఫ్యాను గాలికి నిలవకపోతే కోడలు కొంగు అడ్డం పట్టుకుని కూర్చుంది. వెనక స్తంభం మీద పసుపు రంగుతో 402 అని ఫ్లాటు నంబరు. చూడ్డానికి వచ్చినవాళ్లు ఎక్కడ కూర్చోవాలో తెలియక కార్ల పక్కన నిలబడ్డారు. ఒకాయన ఆఫీసుకు కారు తీయడానికి మనసొప్పక ఆటోలో వెళ్లాడు. మనుషుల్లో లోటేమీ లేదు, అందరూ మంచివాళ్లే. ఆ భవనాన్ని గీసినవాళ్లకు ఇక్కడ ఎవరో ఒకరు చనిపోతారన్న ఆలోచన రాలేదు, అంతే.

మా అమ్మమ్మగారిది కోనసీమలో మండువా లోగిలి. పొద్దున పడమటి గోడ మీద పడ్డ ఎండపొడ మధ్యాహ్నానికి మండువా నడిమికి దిగి, సాయంత్రం తూర్పు గోడ ఎక్కి పోయేది. ఎండ రెండో స్తంభం మొదట్లోకి వచ్చిందంటే అమ్మమ్మ అత్తెసరు పెట్టేది. వాన పడితే నాలుగు చూర్ల నీళ్లూ ఇంటి మధ్యలోకే. గంగాళాలు నిండాక మిగిలింది తూము గుండా పెరట్లోకి పోయేది. తూములో చెత్త అడ్డుపడితే తాతయ్య తాటాకు గొడుగు వేసుకుని కర్రతో పొడిచేవాడు. ఇంట్లో ఉండి వానలో ఉండటమంటే అదే. వేడిగాలి పైకి పోవడానికి దారి ఉండేది కనుక మే నెలలోనూ పగలు నిద్ర పట్టేది. అమ్మమ్మ తులసికి నీళ్లు పోసి అక్కడే సూర్యుడికి దణ్ణం పెట్టుకునేది. అది పూజ అనీ, మిగతాది పని అనీ ఆవిడకు తేడా ఉన్నట్టు నాకెప్పుడూ అనిపించలేదు. ఇప్పుడు మా ఫ్లాటులో దేవుడికి ఒక అల్మరా ఉంది. నాగుల చవితికి పుట్ట వెతుక్కుంటూ కారులో ఊరు దాటి పోతున్నాం.

పాత ఇల్లు రెండు చోట్లు వదిలేది: నడుమ మండువా ఆకాశానికి, ముందు అరుగు వీధికి. హైదరాబాదు పాతబస్తీలో నవాబుల దేవిడీల్లోనూ నడుమ వాకిలి ఆకాశానికి తెరిచే ఉండేది. ఇది ఒక మతం సొత్తు కాదు.

అరుగు గురించి ఒక నిజం దాచకూడదు. దాని మీద అందరినీ కూర్చోనిచ్చేవారు కాదు. పొలం పని చేసి మా గాదెలు నింపినవాళ్లే కింద మట్టిలో నిలబడి మాట్లాడేవారు. ఆ అరుగు అలాగే తిరిగి రావాలని నేను కోరుకోను. అరుగు పోయినా ఆ బుద్ధి పోలేదు. చాలా గేటెడ్ కమ్యూనిటీల్లో ఇంటిపని చేసే అమ్మలకు వేరే లిఫ్టు ఉంది. అన్నం వండే చేతులు మన పక్కన నిలబడి పైకి రాకూడదట. మేడ ఎంత కొత్తదైతేనేం!

అసలు చిక్కు చదరపు అడుగులో ఉంది. సూపర్ బిల్టప్ ఏరియా పేరుతో మెట్లకూ, లిఫ్టుకూ, కారిడార్‌కూ మనం డబ్బు కడుతున్నాం. అంటే ఉమ్మడి చోటును కొంటూనే ఉన్నాం. అందులో నడిచిపోవడానికే తప్ప పది నిమిషాలు కూర్చోవడానికి ఒక గట్టు ఉండదు. ఎదురింటివాళ్లతో మాట లిఫ్టు తలుపు మూసుకునేలోగా అయిపోవాలి. ధనుర్మాసంలో హరిదాసు గేటు దగ్గర ఆగితే వాచ్‌మన్ ఇంటర్‌కంలో అడుగుతాడు, ఎవరింటికని. హరిదాసు ఏ ఒక్కరింటికని చెబుతాడు?

కొత్తగా కట్టేవాళ్లకు ఇవన్నీ కుదరవంటే నేను ఒప్పుకోను. హైటెక్ సిటీ దగ్గర గాజు మేడలు ఎండను లోపలికి రానిచ్చి, ఆ వేడిని ఏసీలతో బయటికి తోడుతున్నాయి. ఆ చుట్టుపక్కలే కరణ్ గ్రోవర్ రూపకల్పన చేసిన సీఐఐ–సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ ఉంది. 2004లో అబ్దుల్ కలాం ప్రారంభించారు. గుండ్రటి కట్టడం, నడుమ తెరిచిన ప్రాంగణం, జాలీ గోడలు, గాలిని చల్లబరిచి లోపలికి పంపే బురుజులు. మన మండువాను ఆఫీసుగా కడితే అలా ఉంటుంది. ఇంగ్లండులో పుట్టి కేరళలో స్థిరపడిన లారీ బేకర్, తిరువనంతపురంలో సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ కట్టినప్పుడు చెట్టు కొట్టేయకుండా గోడనే వంపు తిప్పాడు. అదీ తక్కువ ఖర్చుతోనే. కావలసిన తెలివి మన దేశంలోనే, మన ఊళ్లోనే ఉంది. ఫ్లాటు కొనేటప్పుడు మనం ఈత కొలను గురించి అడిగినట్టు, కూర్చునే గట్టు గురించి అడగడం లేదు. అడగనిది బిల్డర్ ఎందుకు ఇస్తాడు?

మాస్టారి పదకొండో రోజు అయ్యాక అసోసియేషన్ సమావేశంలో నేనొక మాట అన్నాను. గేటు పక్క వేపచెట్టు కింద విజిటర్స్ పార్కింగ్‌లో రెండు కార్ల చోటు వదిలి, పైన కప్పు వేసి, చుట్టూ రాతి అరుగు కట్టిద్దామని. సాయంత్రాలు పెద్దవాళ్లు కూర్చుంటారు. కొరియర్ అబ్బాయి, పనికొచ్చే అమ్మ, వాచ్‌మన్ కూడా కూర్చుంటారు. ఎవరైనా పోతే అక్కడ పడుకోబెట్టుకోవచ్చు, కాస్త వెలుతురులో. చావు మాట ఎత్తగానే ఇద్దరు ముఖం చిట్లించారు. మరొకాయన ఆ రెండు చోట్లకూ మార్కెట్ ధర లెక్క చెప్పాడు. ఏమీ తేలలేదు.

ఈ ఆదివారం పది గంటలకు మళ్లీ కూర్చుంటున్నాం, సెల్లార్‌లోనే, ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని. 402 కోడలు కూడా వస్తానంది.